సీసం గడిలో చుక్క

మా మేష్టారు పోయారు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులవి, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక పడవ ముక్కు మీద పేరు రాస్తుంటే చీపురుపల్లి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. “నాన్నగారు పొద్దున్న వెళ్ళిపోయారు బాబాయ్” అంది. నాకు మాటలు తక్కువ. “అలాగేనమ్మా” అన్నాను. అప్పుడు అనవలసిన మాట అదేనా అని తర్వాత చాలాసేపు బాధపడ్డాను. చేతిలో బ్రష్షు ఎండిపోయింది.

నేను భావనపాడు ఒడ్డున పడవలకు రంగులు వేసి పేర్లు రాసే పనివాణ్ణి. చదువు ఊరి బడిలో ఐదో తరగతితో సరి. ఆయన మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. విజయనగరం వైపు సంగీతం వాళ్ళ కుటుంబం. పాఠం చెప్తూ కూడా వేళ్ళతో తాళం వేసుకునేవారు. నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఎప్పుడూ “పెయింటరూ” అనే.

ఆ హైస్కూల్లో చదివినవాళ్ళకు వరండా గోడ గుర్తుండే ఉంటుంది. మూలకాల పట్టిక మొత్తం, వాటి బరువులతో సహా, ఆ గోడ మీద గడులు గడులుగా ఉంటుంది. రాసింది నేను. కానీ అంకెల మధ్య దశాంశ చుక్కలు మాత్రం నావి కావు. నేను అంకెలు రాసి పక్కకు జరిగితే, ఆయన జేబులోంచి అగ్గిపుల్ల తీసి, రంగులో ముంచి, చుక్క పెట్టేవారు. కింది వరసలకు వచ్చేసరికి మోకాళ్ళ మీద కూర్చున్నారు. “అంకె వంకరైతే నీ తప్పు. సుక్క జరిగితే నా తప్పు. నా తప్పు ఇంకోడి సేతిలో పెట్టనోయ్” అన్నారు.

కొన్నేళ్ళకు కబురు పెట్టారు. జింకు బరువు మారిందట. 65.39 అని ఉన్నది 65.409 చెయ్యాలి. నేను ముందుగా వెళ్ళి, ఆయన క్లాసులో ఉండగానే పాత అంకెల్ని బ్లేడుతో శుభ్రంగా గీకేశాను. మా దగ్గర పద్ధతి అది. పడవ చేతులు మారితే పాత పేరు ఆనవాలు లేకుండా గీకాకే కొత్త పేరు రాయాలి. ఒక పడవ మీద రెండు పేర్లు కనిపిస్తే ఎవరూ ఎక్కరు. ఆయన బయటికొచ్చి గోడ చూసి అక్కడే నిలబడిపోయారు.

“అయ్యో, గీకేసినావేటోయ్!”

“కొత్తది రాయాలన్నారు కదండీ.”

“కొత్తది రాయమన్నాను, పాతదాన్ని సంపీమన్నానా? అది అబద్ధం కాదోయ్. అప్పటికి తెలిసింది అంతే. సన్నగా గీత కొట్టి, పక్కన కొత్తది రాయి. పిల్లలు రెండూ సూడాల.”

కోప్పడలేదు. చాలాసేపు గోడ మీద ఆ తెల్లటి మచ్చను వేలితో తడుముతూ ఉన్నారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

నేనెప్పుడూ ఏదీ అడిగే మనిషిని కాను. ఆ రోజు మాత్రం అడిగాను, బరువు మారడమేమిటని. ఆయన నన్ను ఒడ్డుకు తీసుకొచ్చి మా ఇంటిది చేపల గంప దింపుతున్న చోట ఆగారు.

“ఇవన్నీ కానాగడత చేపలే కదా. ఒక్కోటీ ఎంత తూగుతాది?”

మా ఇంటిది నవ్వింది. “ఒక్కలాగ ఎందుకుంటాయి బాబూ! పెద్దయుంటాయి, సిన్నయుంటాయి. పెద్దయి ఎన్నో, సిన్నయి ఎన్నో సూస్తే గానీ సెప్పలేం.”

“అంతే, జింకూ అంతే” అన్నారు. జింకు పరమాణువుల్లోనూ కొన్ని బరువైనవి, కొన్ని తేలికైనవి. గోడ మీద రాసేది వాటి సగటు. పూర్వం ఒక పదార్థాన్ని ఇంకోదానితో కలిపి, కలవక ముందు ఎంత, కలిశాక ఎంత అని త్రాసులో తూచి లెక్క కట్టేవారట. ఇప్పుడు పరమాణువులకు కరెంటు తగిలించి అయస్కాంతం పక్కనుంచి పరిగెత్తిస్తారట. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ. ఏ దారిన ఎన్ని పడ్డాయో చూస్తారు. యంత్రం బాగుపడిన కొద్దీ అంకె మారుతుంది. అయినా ఒక్కడు చెప్తే మార్చరు. దేశదేశాల వాళ్ళు కూర్చుని, ఎవరు ఎలా కొలిచారో చూసి, అప్పుడు మారుస్తారు. “జింకు మారలేదు పెయింటరూ. మన సూపు మారినాది” అన్నారు.

మళ్ళీ కొన్నేళ్ళకు జింకు 65.38 అయింది. నాకు నవ్వొచ్చింది.

“ఏటండి మేష్టారూ, జింకుకి జొరమొచ్చి సిక్కిపోనాదా?”

ఆయన పెద్దగా నవ్వేశారు. “ఇంకా బాగా కొలిస్తే తగ్గిందోయ్. సుక్క తర్వాత ఆ మూడో అంకె మీద నమ్మకం కుదరలేదు, తీసేసినారు. తెలిసినంత వరకే రాయడం, అదీ పద్ధతి.”

నేను గీకలేదు. 65.409 మీద గీత కొట్టి పక్కన రాశాను. ఆయన చుక్క పెట్టారు.

రిటైరయ్యి చీపురుపల్లిలో స్థిరపడ్డాక కూడా, ఏదైనా అంకె మారితే పాసింజరు బండెక్కి నౌపడలో దిగి, ఆటోలో వచ్చేవారు. ఒకసారి ఒడ్డున నల్ల ఇసుక గుప్పిట్లోకి తీసుకుని చూపించారు. “ఇందులో థోరియం ఉంటాది. యుగాలు పోయాక అది సీసమైపోతాది. ఆ సీసం మామూలు సీసం కంటే బరువు. మీ వలకి కట్టే సీసం గుళ్ళు ఎక్కడి గనిలోవో, దాన్నిబట్టి వాటి బరువు.” అందుకే ఇప్పుడు సీసానికి ఒక్క అంకె చాలదని, ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని రెండంకెలు ఇచ్చారట. గోడ మీద సీసం గడిలో 207.2 మాత్రమే ఉంది. దాన్ని మార్చాలని ఆయన పట్టుదల.

ఈ ఏడు పడవలు ఒడ్డెక్కగానే ఫోన్ చేశారు. గొంతు సన్నబడిపోయింది. రంగు డబ్బా మూత మీద రెండంకెలూ రాసుకున్నాను. “సిన్నగా, ఒకదాని కింద ఒకటి రాస్తే గడిలో సరిపోతాయి” అన్నారు. రేపే బడికి వెళ్తానన్నాను. పక్కనున్న పడవ యజమాని విననే విన్నాడు. “ఏటి బావా, నా పడవని సగం పేరుతో సముద్రానికి తోలేమంటావా? గోడేటైనా ఏటకెల్తాదా?” అని ఎగతాళి చేశాడు. అది ఫోన్లో ఆయనకు వినిపించింది.

“ఆయన సెప్పింది నిజమేనోయ్. పడవలు ముందు కానీయ్. ఏట మొదలయ్యాక నేనూ వస్తాను, ఇద్దరం కలిసి రాద్దాం. సుక్క నేను పెట్టాల కదా. సీసం ఎక్కడికీ పోదు.”

సీసం ఎక్కడికీ పోలేదు.

చివరిసారి చూసినా బాగుండేది. దినకార్యానికి వెళ్ళాను. జనం మధ్యలోంచి వెళ్ళి ఫొటోకు దండం పెట్టి వచ్చేశాను. ఆయన నాకెంత అని వాళ్ళ పిల్లలకు చెప్పలేకపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పడవలన్నీ వేటకు వెళ్ళిన మర్నాడు బడికి వెళ్ళాను. 207.2 మీద సన్నగా గీత కొట్టాను. గీకలేదు. దాని కింద 206 రాసి, కొంచెం చోటు వదిలి, 14 రాశాను. ఆ కింద 207, చోటు, 94. అలవాటు కొద్దీ పక్కకు జరిగి నిలబడ్డాను.

వరండాలో ఎవరూ లేరు. రంగు ఆరిపోతోంది.

అగ్గిపుల్ల తీసి రంగులో ముంచాను. బ్రష్షుకు అలవాటైన చెయ్యి నాది, పుల్లకు ఎంత రంగు పట్టించాలో తెలియలేదు. పై చుక్క నిలిచింది. కింది చుక్క నిలవక, సన్నటి గీతలా గడి దాటి గోడ మీదికి కారింది. తుడవడానికి గుడ్డ తీశాను గానీ, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాను.