స్టేషన్ బోర్డు మీద సున్నా

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. శ్మశానం గోడ మీద కోచింగ్ సెంటర్ల ప్రకటనలు రాసినవాణ్ణి. అక్కడ కూడా ఎవరూ లేచి వచ్చి అక్షరం తప్పని చెప్పలేదు. లెక్కల మాస్టారితో పడక ఏడో తరగతిలో బడి మానేశాను. ఇప్పుడు బోర్డుల మీద అంకెలు రాసే బతుకుతున్నాను.

గుంటూరులో మా వైపు పోలీస్ స్టేషన్ గోడకు ఒక పెద్ద బోర్డు ఉంది. నిలువునా పేటలు, వీధుల పేర్లు, అడ్డంగా సంవత్సరాలు. ఎక్కడ ఏ ఏడు ఎన్ని దొంగతనాలో అందులో రాస్తారు. మా గురువు మస్తాన్ మామ చాలా ఏళ్లు అది రాశాడు. ఆయన పోయాక ఆ పని నాకొచ్చింది.

మిగతా చోట్ల అంకెలు పెరిగేవి, తగ్గేవి. మా వీధి మాత్రం ఎప్పుడూ ఫస్టే. మామదీ అదే వీధి. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు నా చేతికిచ్చి, టీ తాగొస్తానని బయటికి వెళ్లిపోయేవాడు.

మా తమ్ముడు శీను సంగతి వచ్చేదాకా నాకది నవ్వులాటే. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనికి వెళితే మేనేజరు ఏ వీధి అని అడిగాడట. చెప్పగానే కబురు చేస్తామన్నాడట. మూడు చోట్ల అదే మాట.

"ఆ అంకె బోర్డు మీద కాదన్నా, నా మొహం మీద రాస్తున్నావ్" అన్నాడు శీను.

జనవరి మొదట్లో ఒక మధ్యాహ్నం, పోయిన ఏడాది అంకెలు వేసి, కొత్త ఏడాదికి ఖాళీ గడులు గీసి అన్నానికి వెళ్లాను. బ్రష్షులు, రంగు డబ్బా సంచిలో వేసుకునే వెళ్లాను. పోలీస్ స్టేషనైనా సరే, వస్తువు వదిలి వెళ్లడం మా వీధి వాళ్లకు అలవాటు లేదు.

తిరిగొచ్చేసరికి మా వీధి వరసలో, కొత్త ఏడాది గడిలో, తడి ఆరని తెల్లటి సున్నా.

స్టేషన్ రైటరు ఎదురు బల్ల దగ్గరే ఉన్నాడు. ఎవరూ రాలేదన్నాడు. గుమ్మం కెమెరాలోనూ ఎవరూ లేరు.

"ఏరా ఆర్టిస్టూ, జోస్యం కూడా మొదలుపెట్టావా? తుడువ్."

గుడ్డ పట్టుకుని దగ్గరికి వెళ్లి ఆగిపోయాను. మామ సున్నాను కింద నుంచి మొదలుపెట్టేవాడు. అందుకే అడుగు లావుగా, ఒక పక్కకు ఒరిగినట్టుండేది. ఇదీ అచ్చం అలాగే ఉంది. నాకది ఎంత సాధన చేసినా రాలేదు.

"సార్, పాత గడులు చూడండి" అన్నాను.

రైటరు లేచి, మామ రాసిన పాత సున్నాలన్నీ వేలు పెట్టి పోల్చుకున్నాడు.

"ఉంచు. తప్పయితే ఏడాది చివర దిద్దుదువుగాని."

సంగతి వీధిలో పాకింది. నన్ను ఎగతాళి చేసినవాళ్లే ఎక్కువ. మామ భార్య బీబమ్మత్త మాత్రం నవ్వలేదు. కుర్చీ తెచ్చి గుమ్మంలో వేసుకుంది.

"మా ఆయన రాసింది ఎవడు చెడగొడతాడో రమ్మను. కాళ్లిరగ్గొడతా."

ఆవిడ నమాజుకి లేస్తే పక్కింటావిడ కూర్చునేది. శీను మున్సిపాలిటీ వాళ్ల వెంటపడి వీధి లైటు బాగుచేయించాడు. శ్రావణంలో ఎవరో బయట మర్చిపోయిన సైకిలు మూడో రోజుకి కూడా అక్కడే ఉంది. దాన్ని చూడ్డానికి జనం వచ్చారు.

డిసెంబరు ఆఖరున రైటరు రిజిస్టరు మొత్తం తిరగేశాడు. మా వీధి పేరు ఎక్కడా లేదు. ఆయనే కోల్డ్ స్టోరేజీ మేనేజరుకి ఫోన్ చేశాడు. శీను ఇప్పుడు అక్కడ తాళాల గుత్తి ఊపుకుంటూ తిరుగుతున్నాడు.

వీధి ఎలా మారిందో నాకు తెలుసు, కళ్లారా చూశాను. సున్నా ఎవరు రాశారో మాత్రం ఇప్పటికీ తెలియదు. ఈ జనవరిలో కొత్త గడులు గీశాక అన్నానికి వెళ్లలేదు. క్యారేజీ తెచ్చుకుని బోర్డు ఎదురుగానే తిన్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఇంక రానక్కర్లేదని అనుకున్నాడేమో మరి.