గాలి తగలని గది

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున్నే తెనాలి నుంచి బావ ఫోన్ చేశాడు. “అమ్మ నిద్దట్లోనే పోయిందే,” అన్నాడు. బాపట్లలో బస్సెక్కి కూర్చున్నానో లేదో, అత్త గదిలోని ఉక్క గుర్తొచ్చి కిటికీ అద్దం పూర్తిగా జరిపాను.

అత్త రేపల్లెలో తెలుగు టీచరు. రోజూ తెనాలిలో పాసింజరు రైలెక్కి వెళ్ళేది. కిటికీ పక్కన తప్ప కూర్చునేది కాదు. ఆ సీట్లో ఎవరైనా ఉంటే ఎదురుగా నిలబడి, “ఏం బాబూ, ఎక్కడ దిగుతావు?” అని అడుగుతూనే ఉండేది. పాపం, వాళ్ళే విసిగి జరిగేవాళ్ళు. “వంటింట్లోంచి క్లాసులోకి పోయేలోపు నాకంటూ దొరికేది ఈ గాలొక్కటేనే,” అనేది నాతో.

నేను టీచరునయ్యింది ఆవిడ వల్లే. “పిల్లలు అల్లరి చేస్తే ముందు కిటికీలు తియ్యి. సగం అల్లరి ఉక్క వల్లే,” అని చెప్పింది. ఇప్పటికీ అదే చేస్తాను.

షుగర్ ఆవిడ కళ్ళకు పాకింది. కంటి వెనక పొరకు లేజర్ చేయించారు. గండం గడిచిందనుకుంటుండగా రెప్పల కింద ఇసుక పడ్డట్టు గరగర, ఊరికే నీళ్ళు కారడం. డాక్టరు చూసి, కళ్ళు పొడిబారాయన్నారు.

“ధారగా నీళ్ళు కారుతుంటే పొడేంటి సార్?” అన్నాడు బావ.

“ఉండాల్సిన తడి లేకే ఆ నీళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మామూలే. చుక్కల మందు మానకండి. గాలి నేరుగా తగలనివ్వకండి.”

బావ ఆ చివరి మాట పట్టుకున్నాడు. ఫ్యాన్ ఆపేశాడు. కిటికీలకు గడియలు పెట్టాడు. బడికి సెలవు పెట్టించాడు. అసలే ఎండాకాలం. అత్త చెమటతో తడిసి మంచం అంచున కూర్చుని, “మీ బావ నన్ను ఉడకేస్తున్నాడే,” అని నవ్వేది. ఆ వెంటనే గొంతు తగ్గించి, “బడి తెరిచేనాటికైనా పంపిస్తాడంటావా?” అని అడిగేది.

నేను బావతో పోట్లాడాను. “డాక్టరు గారు జాగ్రత్త చెప్పారు గానీ జైల్లో పెట్టమన్నారా?”

“చూపు పోతే నువ్వొచ్చి తెస్తావా?” అన్నాడు.

బడులు తెరిచే ముందు పరీక్షకు నేనూ వెంట వెళ్ళాను. సంగతి విని డాక్టరు నొచ్చుకున్నారు. “అయ్యో, ఫ్యాన్‌కి సూటిగా పడుకోవద్దన్నానండీ, అంతే. బయటికెళ్ళేటప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటే చాలు.” అత్త ముఖం వెలిగిపోయింది. కానీ కంటి లోపల రక్తం చిమ్మిందని ఆ పరీక్షలోనే బయటపడింది. ఎంత వైద్యం చేసినా బోర్డు మీద అక్షరం కనిపించేంత చూపు మిగల్లేదు. ఇక తలుపులన్నీ తెరిచే ఉంచారు. ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది. ఆవిడ అడగడమే మానేసింది.

బావ మీద నాకు కోపం పోలేదు. వేళ తప్పకుండా తల్లి కళ్ళలో చుక్కలు వేసిన చేతులు తనవేనని తెలిసినా పోలేదు.

మొన్న ఇంటికి చేరేసరికి అత్తను హాల్లో పడుకోబెట్టారు. జనం నిండిపోయారు. ఎవరో ఫ్యాన్ వేశారు. మూలన కూర్చున్న బావ గబుక్కున లేచి వెళ్ళి ఆపేశాడు.

“ఇంత ఉక్కలో ఆపావేంటి బాబూ?” అంది పక్కింటావిడ.

“గాలి కళ్ళకి తగులుద్దని...” అన్నాడు. అని, స్విచ్ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయాడు.