ఉత్తుత్తి ప్యాసింజరు

డిపోలో ఎదురుపడితే అందరూ ఆయన్ని చెకింగు గారూ అనేవారు. వీపు తిప్పగానే అనుమానాలరావు. ఆ పేరు ఆయనకీ తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా. సిటీ బస్సుల్లో టిక్కెట్లు తనిఖీ చేసే మనిషికి అంతకంటే బిరుదేం కావాలి? బస్సెక్కగానే టిక్కెట్టు అడిగేవాడు కాదు. ముందు మొహాలు చూసేవాడు. ఎవడు కిటికీలోంచి మరీ భక్తిగా బయటికి చూస్తున్నాడో వాడి దగ్గరికి తిన్నగా వెళ్ళి నిలబడేవాడు. వాడి దగ్గర టిక్కెట్టు ఉంటే ఒట్టు.

కండక్టర్లని పట్టుకోవడానికి ఇంకో విద్య ఉండేది. తెలిసినవాణ్ణొకణ్ణి మామూలు మనిషిలా బస్సెక్కించి, డబ్బులిచ్చి టిక్కెట్టు తీసుకోకుండా దిగిపొమ్మనేవాడు. కండక్టరు ఆ డబ్బులు జేబులో వేసుకున్నాడా, అయిపోయాడన్నమాటే. అలా పంపే మనిషికి ఆయన పెట్టుకున్న పేరు ఉత్తుత్తి ప్యాసింజరు.

ఇక ఇల్లంటారా, రెండు గదులు. ముందుగదిలో భార్య కుట్టుమిషను, వెనక గదిలో ఇద్దరు పిల్లల అల్లరి. పెద్దది చిట్టి. దానికి మూడేళ్ళప్పుడు స్నానం చేయిస్తుంటే తల్లి చేతికి పొట్టలో గడ్డ తగిలింది. కిడ్నీలో క్యాన్సరన్నారు. ఒక కిడ్నీ తీసేశారు, జుట్టంతా ఊడిపోయేలా మందులెక్కించారు. పిల్ల బతికింది. ఇప్పుడు జడలేసుకుని బడికెళ్తోంది. దాని తర్వాతివాడు బుడ్డోడు, రెండేళ్ళవాడు.

అంతా సర్దుకుందనుకున్నాక, ఆసుపత్రిలో ఆ జబ్బు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఒకావిడ ఇంటికొచ్చింది. లావుపాటి కళ్ళజోడు, భుజాన సంచి. కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది.

"చాలామంది పిల్లల్లో ఇది ఇంట్లోంచి రాదండీ. కొన్ని కుటుంబాల్లో మాత్రం ఒక జన్యువులో చిన్న తేడా ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో పిల్లలకి దిగుతుంది. పెద్దవాళ్ళకి దాంతో ఏమీ కాకపోవచ్చు. మీ పాపలో ఆ తేడా దొరికింది. మీ ఇద్దరిలో ఎవరికైనా ఉందేమో చూస్తే, బాబుకి ముప్పుందో లేదో తెలుస్తుంది."

"అంటే దొంగెవరో తేలుస్తారన్నమాట," అన్నాడు చెకింగాయన.

"దొంగతనం కాదండీ ఇది. ఇందులో ఎవరి తప్పూ లేదు," అంటూ ఆవిడ రెండు చిన్న గొట్టాలు బల్ల మీద పెట్టింది. "పొద్దున్నే ఏమీ తినకముందు ఇందులో ఉమ్మి, మూత బిగించి పంపించండి. చాలు. పరీక్ష ఊరికే చేస్తాం."

చాలట! ఊరికే చేస్తారట! ఎవరైనా ఊరికే ఏదైనా చేస్తారా? మా ఉమ్మితో వీళ్ళకేం పని? చూడకుండానే చూశామని ఏదో ఒకటి రాసుకుంటే అడిగేదెవరు? పిల్ల ప్రాణం నిలబెట్టిన ఆసుపత్రి మీద కూడా అనుమానమేమిటయ్యా అంటారా? ఆయన భార్య కూడా అదే అంది.

"మీకు మీ నీడ మీద కూడా అనుమానమేనండీ. బుడ్డోడి కోసం కదా, ఉమ్మి పారేయండి!"

ఆవిడ తన గొట్టంలో ఉమ్మి ఇచ్చేసింది. ఆయన తన గొట్టం జేబులో వేసుకుని డిపోకి పోయాడు. అక్కడ ఒక డ్రైవరు పళ్ళు తోముకుంటుంటే ఆపి, "ఒరేయ్, ఇందులో ఉమ్ము," అన్నాడు.

"దేనికన్నా?"

"నువ్వు ఉత్తుత్తి ప్యాసింజరువి. ఎక్కి దిగు, అంతే."

నిజంగా పరీక్ష చేస్తే, ఇది వేరేవాడిది కదా అని ఆవిడే ఫోన్ చేస్తుంది. చెయ్యకపోతే ఉత్త మోసమే. ఇదీ ఆయన లెక్క. తన తెలివికి తనే మీసం దువ్వుకున్నాడు.

కొన్ని వారాలకి ఫోన్ వచ్చింది. ఆవిడ గొంతు తడబడింది. "మీ ఆవిడలో ఆ తేడా లేదండీ. మీ శాంపిల్ మాత్రం పాడైంది. ఇంకోసారి ఇస్తారా?"

దొరికింది! పాడైందట! డ్రైవరు ఉమ్మి శుభ్రంగా ఉంది, మూత తనే బిగించాడు. అంటే అబద్ధం. "చూద్దాంలెండి," అని పెట్టేశాడు.

ఆవిడ ఊరుకోలేదు, మళ్ళీ ఇంటికే వచ్చింది. "పోనీ ఈలోగా బాబుకి ఒకసారి పొట్ట స్కానింగ్ చేయిద్దామండీ. నొప్పుండదు," అంది. ఈయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్నటిదాకా ఉమ్మి, ఇప్పుడు పిల్లాడా! అప్పుడే ఇంకోటి గమనించాడు. మిషను తొక్కుతున్న తన భార్య వైపు ఆవిడ ఒకసారి చూసి, చప్పున తల దించుకుంది. టిక్కెట్టు లేనివాళ్ళు చూసే చూపది, తనకి తెలియనిదా? ఏదో దాస్తోంది.

"బాగున్న పిల్లాడికి మిషన్లెందుకమ్మా? మీ దారిన మీరు వెళ్ళండి," అన్నాడు.

అలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు భార్య దారం కొరుకుతూ అంది, "ఆ మేడమ్ ఫోన్ చేసిందండీ. ఇంట్లో అంతా బాగున్నారా, మీ ఆయన మీతో బాగుంటున్నాడా అని అడిగింది. అదేం ప్రశ్నండీ?"

ఇక ఆయన ఆగలేదు. ఇవాళ దీని అంతు తేల్చాల్సిందేనని ఆసుపత్రి వెనక భవనం మెట్లెక్కాడు. పొడుగాటి గది, గుర్రుమంటున్న ఫ్రీజర్లు, బల్లల మీద బారులు తీరిన గొట్టాలు. వాటి మధ్య ఆవిడ ఒక్కతే ఉంది.

"నిజం చెప్పండి. నా ఉమ్మి పరీక్ష చేశారా, చెయ్యలేదా?"

ఆవిడ నీళ్ళు నమిలింది. "అది... మీకు చెప్పకూడదండీ."

"నేను చెప్తాను. అది నా ఉమ్మి కాదు. మా డిపో డ్రైవరుది. మీరు నిజంగా చూస్తారో లేదోనని నేనే పెట్టాను. పాడైందని మీరు అబద్ధమాడారు, దొరికిపోయారు!"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీలో కూలబడింది. "హమ్మయ్య!" అంది. కళ్ళు తుడుచుకుని, "హమ్మయ్య!" అని మళ్ళీ అంది.

మోసం బయటపడ్డ మనిషి హమ్మయ్య అనడమేమిటి? చెకింగాయనకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఆయన బుర్ర అలవాటు ప్రకారం లెక్క కట్టడం మొదలెట్టింది. తండ్రి పేరున్న గొట్టం. అందులోవాడికీ పిల్లకీ ఏ సంబంధమూ లేదు. అది చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఎవరి గురించి అనుకుంటారు?

"మా ఆవిడ గురించి మీరు..."

"ఏమనుకున్నా నా నోట్లోంచి రాదండీ. కొంపల్లో నిప్పు పెట్టడం నా పని కాదు," అని ఆవిడ కొత్త గొట్టం చేతికిచ్చింది. ఇప్పుడు గొంతులో తడబాటు లేదు, కోపం ఉంది. "ఇక్కడే, నా ఎదురుగా ఉమ్మండి. రేపు బాబుని తీసుకురండి. రేపే."

తేడా ఆయనలోనే ఉంది. ఇన్నేళ్ళూ ఏ నొప్పీ లేకుండా, తెలియకుండా మోస్తున్నాడు. బుడ్డోడికీ దిగింది. స్కానింగులో వాడి ఎడమ కిడ్నీ అంచున బఠాణీ గింజంత గడ్డ కనిపించింది. అది చిన్నది కాబట్టి గడ్డ వరకే కోసి తీశారు, కిడ్నీ మిగిలింది. ఇంకొన్నాళ్ళు ఆగితే అక్కకి పోయినట్టే పోయేదన్నారు.

"రెండు నెలల క్రితం తీసుకొస్తే అసలు ఉండేదా అమ్మా ఇది? ఈ కోత తప్పేదా?" అని అడిగాడాయన.

"చెప్పలేమండీ," అంది ఆవిడ. జీవితంలో మొదటిసారి ఆయన ఎదుటిమనిషి మాటని మారుమాట లేకుండా నమ్మాడు. నమ్మి కుమిలిపోయాడు.

ఆపరేషన్ అయిన సాయంత్రం, వరండా బెంచీ మీద భార్యకి మొత్తం చెప్పేశాడు. డ్రైవరు సంగతీ, గొట్టం సంగతీ, ఆ మేడమ్ చూసి తలదించుకున్న చూపు సంగతీ. తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆవిడ బుడ్డోడి చిన్న చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, వాటి దుమ్ము కొంగుతో తుడిచింది.

"రెండు నెలలు," అంది. "నేను తప్పు చేశాననుకుని కూడా, నా కాపురం నిలబడాలని ఆ మనిషి రెండు నెలలు నోరు మూసుకుంది. మీరైతే బస్సు ఆపించి, అందరి ముందూ దింపేసేవారు."

ఆయన తల దించుకున్నాడు.