కూర్మారావు గారి హంసిని కారు

బరంపురం అంకులిలో మా వీధి చివర పిండిమర ఇంకా నడుస్తోంది. మొన్న పొద్దున్న బియ్యప్పిండి పట్టించుకోవడానికి వెళ్లి, వరస వచ్చేదాకా ముందున్న బల్ల మీద కూర్చున్నాను. లోపల మోటారు తిరుగుతోంది. వెడల్పాటి బెల్టు పటపటమని కొట్టుకుంటోంది. కాసేపటికి వేడెక్కిన రబ్బరు వాసన గుప్పుమంది. అక్కడున్న వాళ్లెవరూ పట్టించుకోలేదు గానీ, నేను మాత్రం డబ్బా ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. పక్కసీట్లో కూర్మారావు గారు కూర్చుని, "వాసనొస్తంది సూడమ్మా. బెల్టు వేడెక్కింది. నెమ్మదిగా ఎల్లు" అంటున్నట్టే అనిపించింది. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆ కారు తయారుచేసిన కంపెనీ పోయి అంతకు రెట్టింపు పైనే అయింది.

కూర్మారావు గారు మా ఎదురింటి వారు. రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పొట్టి మనిషి, చెవుల మీద వెంట్రుకలు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి బరంపురంలోనే స్థిరపడ్డ కుటుంబం. నేను ఆయన్ని బాబాయి గారని, ఆయన భార్యను పిన్నిగారని పిలిచేదాన్ని. ఆయన జీవితంలో చేసిన ఒకే ఒక దుబారా హంసిని కారు.

హంసిని పేరు ఇప్పటి వాళ్లకు తెలియదు. తమిళనాడులో ఒక చిన్న ఊళ్లో, చిన్న కంపెనీ తయారుచేసిన చిన్న కారు అది. ఒళ్లంతా ఫైబరు. తుప్పు పట్టదు, కానీ ఆవు కొమ్ము తగిలినా పగులుతుంది. తలుపులు అన్ని కార్లకూ ముందుకు తెరుచుకుంటే దీనికి వెనక్కి తెరుచుకునేవి. స్పీడు చూపించే ముల్లు డ్రైవరు ఎదురుగా కాకుండా మధ్యలో ఉండేది. పెట్రోలు ఎక్కడ పోయాలో బంకుల్లో ఎవరికీ తెలిసేది కాదు. వెనక నంబరు పలక పైకెత్తి చూపించాల్సి వచ్చేది. హారను కొడితే బాతు అరిచినట్టుండేది. అందుకే ఊళ్లో ఒడియా పిల్లలు దాన్ని "బతక" అనేవారు. కంపెనీ హంస అని పేరు పెట్టుకుంటే గంజాం జిల్లా దాన్ని బాతును చేసి కూర్చోబెట్టింది. అయితే అన్నిటికన్నా పెద్ద వింత వేరే ఉంది. దానికి గేర్ల పెట్టె లేదు, క్లచ్ లేదు. ఇంజను బలం ఒక రబ్బరు బెల్టు మీదుగా చక్రాలకు అందేది. తొక్కాల్సిన పెడళ్లు రెండే. రెండింటికీ కుడికాలు చాలు.

నా ఎడమకాలు మూడో ఏట పోలియోతో చచ్చుబడింది. చదువుకున్నాను, కొడల హైస్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడే గది తీసుకుని సోమవారం వెళ్లి శనివారం వచ్చేదాన్ని. ఆ రెండు ప్రయాణాలే నాకు నరకం. బస్సు మెట్టు ఎక్కలేకపోతే కండక్టరు జబ్బ పట్టి బస్తాను లాగినట్టు లాగేవాడు. లోపల ఉన్నవాళ్లు అయ్యో పాపం అనేవారు. ఆ మాట వినడం కన్నా ఉద్యోగం మానేయడం మేలని ఒక శనివారం సాయంత్రం వీధిలోనే మా అమ్మతో అన్నాను. ఎదురింట్లో కారు కింద పడుకుని ఏదో బిగిస్తున్న కూర్మారావు గారు విన్నారు. పాక్కుంటూ బయటకు వచ్చారు.

"ఏటమ్మా నిర్మలా, ఉద్యోగం మానేస్తావా? ఇలా రా. ఇందులో కూకో" అన్నారు. కూర్చున్నాను. "కింద సూడు. ఎన్ని పెడళ్లున్నాయి?"

"రెండు."

"మరింకేటి? నీకు ఎన్ని కాళ్లు కావాలి?"

మా ఇంట్లో నా కాలి గురించి ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తినా గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఆయన వీధి అంతా వినపడేటట్టు అన్నారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున్న ఆరింటికి మాత్రం తయారై ఆయన గుమ్మంలో నిలబడ్డాను.

నేర్పేటప్పుడు ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. స్టీరింగు పట్టుకోబోయేవారు కాదు. ఊరి బయట మైదానంలో మూడు నెలలు. అదే సమయంలో గురునాథం గారనే పట్టు వ్యాపారి తన హంసినితో విసిగిపోయి వదిలించుకోవాలనుకుంటున్నారని తెలిసి, దాన్ని మా నాన్న నాకోసం తీసుకున్నారు. లైసెన్సు ఇచ్చే అధికారి వంగి సీటు కిందంతా చూసి, మూడో పెడలు ఎక్కడ దాచారని అడిగారు. బాబాయి గారు నవ్వి, "మీకు దొరికితే నాకూ సూపించండి సార్" అన్నారు.

ఆదివారం పొద్దున్న ఆయన ఇంటి ముందు హంసిని వాళ్ల సభ. ఆయన కారు, నా కారు, డాక్టరు మహాపాత్రో గారి కారు ఒక వరసలో నిలబడేవి. గురునాథం గారు కారు అమ్మేసినా రావడం మాత్రం మానలేదు. తిట్టడానికి వస్తున్నానని చెప్పేవారు. పిన్నిగారు ఉప్మా, టీ తెచ్చేవారు. ఎవరి బండి ఎక్కడ ఆగిందో ఒకరికొకరు గొప్పగా చెప్పుకునేవారు. బాబాయి గారు ఆ కబుర్లన్నీ విని నెలకొకసారి కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాసేవారు. వానపడితే తలుపు సందులోంచి మోకాలి మీద నీళ్లు కారుతున్నాయి, హ్యాండుబ్రేకు పిడి చేతికి అందదు, ఇలా వరసగా. రైల్వేలో రిపోర్టు రాసినట్టే. జవాబు ఎప్పుడూ రాలేదు. "చదవరు మౌసా, చెత్తబుట్టలో పారేస్తారు" అనేవారు డాక్టరు గారు. మౌసా అంటే ఒడియాలో బాబాయే. బాబాయి గారు పెన్ను మూత పెట్టి, "వాళ్లు సదవకపోతే అది వాళ్ల తప్పు. నాను రాయకపోతే నా తప్పు" అనేవారు.

ఆ మాట అటుంచి, ఋషికుల్య వంతెన దగ్గర జరిగింది చెప్పాలి. ఒక శనివారం మధ్యాహ్నం కొడల నుంచి వస్తుంటే వంతెన దాటగానే టప్పుమని శబ్దం. ఇంజను తిరుగుతోంది, బండి కదలడం లేదు. బెల్టు తెగింది. కొత్త బెల్టు వెనకే ఉంది. కానీ అది ఎక్కించాలంటే ఒకరు పట్టుకుని లాగాలి, ఇంకొకరు కప్పీ తిప్పాలి. నేను దిగలేదు. అద్దాలు పైకెత్తుకుని ఎండలో కూర్చున్నాను. లారీలు పోయాయి. సైకిలు మీద మొగలిపూల బస్తా కట్టుకుని ఒకాయన పోయాడు, వాసన అద్దాలు వేసి ఉన్నా లోపలికి వచ్చింది. చేతిలో కర్రతో దిగి, కుంటుతూ నిలబడి, ముక్కు మొహం తెలియని వాడిని సాయం అడగడం నా వల్ల కాలేదు. దాహంతో నాలుక పిడచకట్టింది, అయినా కదల్లేదు. మూడు గంటలయ్యాక ఎదురుగా బాతు హారను వినపడింది. కొడల బస్సు కండక్టరు నా బండిని గుర్తుపట్టి బరంపురంలో ఆయనకు కబురు చెప్పాడట.

బాబాయి గారు నా చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చారు. తాగేదాకా ఆగారు.

"ఎంతసేపయింది?"

"మూడు గంటలు."

"ఈ దారంట ఎవరూ ఎల్లలేదా?"

"వెళ్లారు."

"మరి అడగలేదా?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. వెళ్లి రోడ్డు పక్క జీడిమామిడి చెట్టు నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు.

"నా నడుం పట్టేసింది. నాను వంగలేను. నువ్వు ఎవుళ్లనన్నా ఆపు" అన్నారు.

అది అబద్ధమని నాకు తెలుసు. అంతకుముందు ఆదివారమే ఆయన కారు కింద రెండు గంటలు పడుకున్నారు. ఉడుక్కుంటూ దిగాను. కర్ర ఆనించుకుని చెయ్యి ఎత్తాను. మొదటి లారీ ఆగలేదు. రెండోదీ ఆగలేదు. తరవాత పుచ్చకాయల బండి తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన ఎద్దుల్ని నిలిపి, "కణ హెలా మా?" అని అడిగాడు. ఏమైందమ్మా అంటే చెప్పాను. నేను బెల్టు లాగి పట్టుకున్నాను, ఆయన కప్పీ తిప్పాడు. పావుగంట పట్టింది. ఆయన చేతులు తుడుచుకుని, ఒక పుచ్చకాయ నా సీట్లో పెట్టి వెళ్లిపోయాడు. నా కాలి వంక ఒక్కసారి చూశాడు, అంతే. అయ్యో పాపం అనలేదు.

చెట్టు కింద నుంచి లేస్తూ బాబాయి గారు అన్నారు: "ఆగిపోయింది బండి. సిగ్గు పడితే దాన్ని సేసినోడు పడాలి. నీకేటి?"

ఆ తరవాత ఆ బండి నన్ను ఎన్నిసార్లు దారిలో దింపిందో లెక్క లేదు. హుమ్మా దగ్గర, ఛత్రపురం గేటు దగ్గర, ఒకసారి ఇన్‌స్పెక్టరు వస్తున్న రోజున బడికి రెండు మైళ్ల ఇవతల. ప్రతిసారీ దాన్ని తిట్టుకుంటూ దిగేదాన్ని. ప్రతిసారీ ఎవరో ఒకరిని ఆపేదాన్ని.

కంపెనీ మూతపడిన వార్త డాక్టరు గారు తెచ్చారు. ఆదివారం పొద్దున్న ఒడియా పేపరు మడిచి పట్టుకుని వచ్చి, "బంద్ హెయిగలా మౌసా" అన్నారు. లోపలి పేజీలో నాలుగు వాక్యాల వార్త. గురునాథం గారు పగలబడి నవ్వారు. "పోయిందా! పీడా వదిలింది. ఎంతమందిని రోడ్డు మీద కూకోబెట్టింది, ఆ ఉసురు తగలదేటి?" అన్నారు. నవ్వు ఆగాక లేచి వెళ్లి, ఒకప్పటి తన కారు అద్దాన్ని పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టారు. తుడిచిన చోటే తుడుస్తున్నారు. డాక్టరు గారికి కోపం. మంచి ఆలోచన పాడుచేసుకున్నారు, ఒక్క మనిషి మాట విని ఉంటే ఇంకో ఇరవై ఏళ్లు నడిచేది కాదా అని. బాబాయి గారు పేపరు రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేశారు.

నాకు వాళ్లందరి మీదా కోపం వచ్చింది. ఒక బెల్టు ఏడాది కూడా రాదు. నా దగ్గర ఉన్నది ఒకటే.

"మీకిది సరదా బాబాయి గారూ. రేపు వేరే కారు కొనుక్కుంటారు. నాకిది కాలు. నేను మళ్లీ ఆ బస్సు ఎక్కాలి" అన్నాను. గొంతు పెద్దదైంది. పిన్నిగారు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు.

నాలుగో రోజున నేను కొడలలో ఉండగా ఆయన మద్రాసు మెయిలు ఎక్కారు. ఎక్కడికో పిన్నిగారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తిరిగి వచ్చిన రోజు ఆ పైవారం శనివారం, నేనప్పుడే ఇంటికి వచ్చాను. రిక్షా ఆగింది. మెడ చుట్టూ, రెండు భుజాల మీదా నల్లటి బెల్టులు వేలాడేసుకుని ఆయన దిగారు. గడ్డం మాసింది, చొక్కా నిండా నల్లటి మరకలు. పిన్నిగారు చూసి, "ఇదేటి, ఊరేగింపా?" అన్నారు. పద్దెనిమిది బెల్టులు.

కంపెనీ గేటుకు తాళం వేసి ఉందట. లోపల అన్నీ వేలానికి సిద్ధం చేస్తున్నారు. కాపలా ఉన్న ముసలి స్టోరుకీపరు ఏదీ బయటకు ఇవ్వకూడదన్నాడు. ఈయన గేటు ముందు రాతి మీద కూర్చున్నారు. రెండు రోజులు వచ్చేపోయే ప్రతి అధికారినీ అడిగారు. మూడో రోజు స్టోరుకీపరు ఈయన పేరు అడిగి, ఊరు అడిగి, ఆగిపోయాడట. లోపలికి వెళ్లి ఒక లావుపాటి ఫైలు తెచ్చి చూపించాడు. అన్నీ ఈయన ఉత్తరాలే. కొన్నిటి మీద ఎర్ర పెన్సిలుతో గీతలున్నాయి. హ్యాండుబ్రేకు పిడి రెండంగుళాలు ముందుకు జరిపింది ఆ ఉత్తరం చదివేనట. జవాబు రాసే గుమాస్తాను మాత్రం కంపెనీ ఎప్పుడూ పెట్టుకోలేదు.

"సదివారమ్మా" అన్నారు బాబాయి గారు. అంతవరకూ మామూలుగానే చెప్పినవారు అక్కడ ఆగి, కండువాతో మొహం తుడుచుకున్నారు. "సదివేరు గానీ నిలబడలేకపోయేరు."

"రెండు రోజులు అక్కడ కూర్చుని అడిగారా?" అన్నాను. నౌకరీలో ఉన్నప్పుడు బదిలీ ఆపమని కూడా ఎవరినీ అడగని మనిషని పిన్నిగారు చెప్పేవారు.

"అడిగేను. అడిగితే ఏటి పోయింది?"

ఆ బెల్టులు నన్ను పద్నాలుగేళ్లు కొడలకు తీసుకెళ్లాయి. మధ్యలో ఆయన తన హంసినిని కూడా విప్పేసి, పనికొచ్చే సామాను నా బండికి వాడారు. నేను వద్దంటే, "నాను ఎక్కడికి ఎల్లాలి గనక?" అన్నారు. చివరికి నా బండి ఇంజనే ఆగిపోయింది. అప్పటికి పెద్ద కంపెనీలు క్లచ్ లేని కార్లు తీస్తున్నాయి. ఒకటి కొని మొదట ఆయన్నే ఎక్కించుకున్నాను. ఛత్రపురం దాకా వెళ్లి వచ్చాం. ఆయనకు అప్పటికే ఎనభై దాటాయి. దారి పొడవునా చెవి రిక్కించి విన్నారు. ఏ శబ్దమూ లేదు. ఇంటి ముందు దిగుతూ, "మంచి బండి. ఉత్తరం రాయడానికి ఒక్క తప్పు కూడా లేదు" అన్నారు, కొంచెం దిగులుగా. ఆ వానాకాలంలోనే పోయారు.

హంసిని మంచి కారా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కొనుక్కోమని ఎవరికీ సలహా ఇవ్వను. అది సక్రమంగా నడిచే బండి అయి ఉంటే మాత్రం నేను ఇంకో మనిషినై ఉండేదాన్ని. అద్దాలు ఎత్తుకుని కూర్చునే మనిషిని.

పోయిన నెల విశాఖపట్నం వెళ్లడానికి బరంపురం స్టేషనుకు వెళ్లాను. బండి అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని మైకులో చెప్పారు. లిఫ్టు పనిచేయడం లేదు. వంతెన మెట్ల కింద నిలబడి పైకి చూశాను. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. పక్కనుంచి వెళుతున్న ఒక కాలేజీ అమ్మాయిని ఆపి, "అమ్మాయ్, పైదాకా నీ భుజం ఇస్తావా?" అన్నాను. ఆ అమ్మాయి చెవిలోంచి తీగ తీసేసి, సంచి అటువైపు మార్చుకుని, భుజం ఇటు వంచింది. నాలుగు మెట్లు ఎక్కాక గానీ నాకు తట్టలేదు, అడిగే ముందు ఎవరైనా చూస్తున్నారా అని నేను చుట్టూ చూడనే లేదని.