మొదటి పాఠం త్రినాథ్

త్రినాథ్‌కి గిటార్‌లో మొదటి పాఠం తప్ప ఇంకేమీ రాదు. రానివాడు రానట్టు ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ఒక్క పాఠాన్నే ఏళ్ళ తరబడి లోకానికంతటికీ నేర్పుతున్నాడు. యూట్యూబ్‌లో అతని ఛానెల్ తెరిస్తే పైనుంచి కిందదాకా మొదటి పాఠాలే. వేలు నొప్పి పుట్టేదాకా జరుపుకుంటూ పోయినా రెండో పాఠం కనపడదు. ప్రతి వీడియోలోనూ అదే నీలం గళ్ళ చొక్కా, అదే నవ్వు, అదే మాట: "నమస్తే అండి. ఈ రోజు మనం మొదటి పాఠం నేర్చుకుందాం."

ఆ మాట విన్నప్పుడల్లా చీరాలలో ఉన్న ఫిలిప్‌కి ఒళ్ళు మండేది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వినకుండా ఫోన్ మంచం మీదికి విసిరేసేవాడు. ఏ పాఠమైనా అతను చూసింది ఆ నమస్కారం వరకే.

మండటానికి కారణం ఉంది. ఇద్దరూ గుంటూరులో ఒకే కాలేజీ, ఒకే హాస్టల్ గది. ఒకే వారంలో గిటార్లు కొనుక్కున్నారు. గురువు లేడు, పుస్తకం లేదు. ఎక్కడెక్కడివాళ్ళో పెట్టిన వీడియోలు చూసి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి నేర్చుకున్నారు. ఫిలిప్ వేళ్ళు పగిలి రక్తం కారినా వదల్లేదు. ఇప్పుడతను వాయిస్తుంటే ఎడమ చెయ్యి గిటార్ మెడ మీద సాలెపురుగులా పరిగెడుతుంది. వేలకి వేలు జనం చూస్తారు. బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని ఇంట్లో చెప్పి పగలంతా అదే పని. వాళ్ళమ్మ జయకుమారి మాత్రం, పక్కింటివాళ్ళు కుట్టుమిషను కొన్నారేమో అనుకున్నాను అంటుంది. ఆవిడకి సంగీతం తెలీదని ఫిలిప్ ఎప్పుడో తేల్చేశాడు.

నిజానికి వీడియోలు పెట్టే గిటార్ కుర్రాళ్ళందరి మీదా ఫిలిప్‌కి చులకనే. ఒంగోలులో ఒకడు మేడ మీది నీళ్ళ ట్యాంకెక్కి మరీ వాయిస్తాడు. కిందికి దిగితే శ్రుతి పోతుందని వాడి భయం కాబోలు. నరసరావుపేటలో ఒకడు ఏ తీగ మీటుతున్నాడో తనకే కనపడకుండా జుట్టంతా మొహం మీదికి వేసుకుంటాడు. చిలకలూరిపేట అమ్మాయి ఒకతె పాటకి ముందు పావుగంట ఏడుస్తుంది, పాట అయ్యాక మనం ఏడవాలి. అయినా వీళ్ళందరికీ రెండో పాఠం వచ్చు. అది కూడా రానివాడు తన స్నేహితుడే కావడం ఫిలిప్ తలరాత.

పర్చూరు సెంటర్లో త్రినాథ్ వాళ్ళ నాన్న యలమందయ్యకి పురుగుమందుల కొట్టు ఉంది. త్రినాథ్ స్టూడియో అదే. వెనకాల ఎరువుల బస్తాలు, తలపైన వేలాడే స్ప్రేయర్లు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ మీద గిటార్‌తో త్రినాథ్. పాఠం మధ్యలో బేరం వస్తే వీడియో ఆపడు. తర్వాత ఆ ముక్క కత్తిరించడు కూడా.

ఒకసారి ఎవరో రైతు వచ్చి మిరపతోటకి పైముడత తెగులు తగిలిందన్నాడు. త్రినాథ్ గిటార్ దించలేదు. "చూపుడు వేలు రెండో తీగ మీద ఇలా ఆనించండి, పైముడతైతే ఆ పచ్చమూత డబ్బా తీసుకో బాబాయ్, బొటనవేలు మెడ వెనకాల ఉండాలండి, ఎండ తగ్గాక కొట్టు, మరీ గట్టిగా నొక్కకూడదు." అంతా ఒకే ఊపిరిలో చెప్పాడు. గిటార్ ఎండ తగ్గాకే ఎందుకు కొట్టాలని కింద ఒకాయన కామెంట్లో అడిగాడు. త్రినాథ్ అతనికి ఓపిగ్గా జవాబు రాశాడు. ఎవరో ఆ కామెంట్లు పంపితే ఫిలిప్ చదివి, ఇద్దరూ సరిపోయారనుకున్నాడు.

ఉండబట్టలేక ఒకనాడు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, రెండో పాఠం ఎప్పుడ్రా?"

"మొదటిది ఇంకా అవలేదురా."

"ఎవరికి అవలేదు? నీకా, చూసేవాళ్ళకా?"

ఇద్దరికీ అనుకోరా అన్నాడు త్రినాథ్. బుర్ర తక్కువని వాడే ఒప్పుకున్నాక ఇంకేమంటాం అని ఫిలిప్ ఫోన్ పెట్టేశాడు.

ఆ ఏడాది గుంటూరులో ఒక సంగీత వాయిద్యాల దుకాణంవాళ్ళు, వీడియోలు పెట్టే కుర్ర గిటారిస్టులందరినీ పిలిచి సభ పెట్టారు. ఫిలిప్‌ని పిలవడంలో వింత లేదు. త్రినాథ్‌నీ పిలిచారు. ఇన్ని పాఠాలు చెప్పాడంటే పెద్ద మాస్టారై ఉంటాడని నిర్వాహకులు పొరబడ్డారు. తెరిచి చూసే తీరిక వాళ్ళకీ లేదు.

త్రినాథ్ స్టేజీ ఎక్కి, "నమస్తే అండి" అనగానే ఫిలిప్ కుర్చీలో కిందికి జారిపోయాడు. ఎప్పుడూ గిటార్ ముట్టనివాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మని త్రినాథ్ అడిగాడు. హాలునిండా గిటారిస్టులే, ఎవరొస్తారు? అందరూ పగలబడి నవ్వారు. చివరికి మైకు సెట్టు తెచ్చిన జక్రయ్య, అరవై దాటిన మనిషి, తను రావచ్చా అన్నట్టు మొహమాటంగా చెయ్యెత్తాడు. త్రినాథ్ ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద గొంతుకూర్చుని మొదలుపెట్టాడు. పెట్టెలు మోసి మోసి జక్రయ్య వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. ఒక తీగ మీద పెట్టిన వేలు మూడు తీగల మీద పడుతోంది. త్రినాథ్‌కి విసుగు రాలేదు. వచ్చిన మిగతా అందరికీ వచ్చింది. ఈలలు వేశారు, దిగమన్నారు, చివరికి పక్కగదిలో బిర్యానీ తెరిచారని తెలిసి లేచిపోయారు. జక్రయ్య చేతికింద మొదటిసారి సరైన మోత మోగేసరికి హాలు ఖాళీ.

తర్వాతి వంతు ఫిలిప్‌ది. నెలల తరబడి సాధన చేసిన ముక్కని అతను త్రినాథ్‌కీ, జక్రయ్యకీ, ముఖ్య అతిథిగారి డ్రైవరుకీ వినిపించాడు. డ్రైవరు మధ్యలో ఫోనొచ్చి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో ఫిలిప్ గిటార్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెదనందిపాడు దాటాక అన్నాడు: "ఇక మీదట నేను నీకు తెలుసని ఎవరికీ చెప్పకురా."

"సరేరా" అన్నాడు త్రినాథ్. అని, గాలి తగులుతుందని కిటికీ పక్క సీటు అతనికిచ్చాడు. పశ్చాత్తాపమనేది ఈ మనిషికి పుట్టుకతోనే లేదని ఫిలిప్‌కి రూఢి అయింది.

సభలో పోయిన పరువుని ఒక గొప్ప వీడియోతో తిరిగి తెచ్చుకోవాలని ఫిలిప్ పట్టుబట్టాడు. తెల్లవారుతూనే వాడరేవు వెళ్ళి, ఒడ్డున ఉన్న పడవ అంచు మీద కూర్చుని, వెనకాల సూర్యుడు లేస్తుండగా వాయించడం మొదలుపెట్టాడు. పడవని పైకి లాగాలి, దిగు బాబూ అని జాలర్లు చెప్పారు. ఒక్క నిమిషం అన్నాడు. సూర్యుడు సరిగ్గా తల వెనక్కి రాలేదని ఇంకో నిమిషం అన్నాడు. వాళ్ళకీ పనులున్నాయి, లాగారు. పడవ ఒరిగింది. ఫిలిప్ గిటార్ని కాపాడాడు, ఎడమ చెయ్యి పడవకీ కింది దుంగకీ మధ్య పడింది.

ఎముకలు అతుకుతాయని డాక్టర్ చెప్పాడు. చిటికెన వేలూ ఉంగరం వేలూ మాత్రం ఇక పూర్తిగా వంగవని కూడా చెప్పాడు. ఫిలిప్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. గిటార్ని మంచం కిందికి తోసేశాడు.

త్రినాథ్ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. ఎవరైనా ఇలాంటప్పుడు ఏమంటారు? అయ్యో అంటారు. వీడు కట్టు విప్పిన రోజు చూసుకుని మరీ వచ్చి, "ఏదీ, ఏ వేలు ఎంతవరకూ వంగుతుందో చూపించు" అన్నాడు. చూపిస్తే మళ్ళీ చూపించమన్నాడు. చూపుడు వేలు విడిగా, మధ్య వేలు విడిగా, రెండూ కలిపి, రెండూ ఎడంగా. పశువుల సంతలో పళ్ళు చూసినట్టు చూశాడు. పలకరించడం కూడా చేతకాదు వీడికి, దానికీ మొదటి పాఠం దగ్గరే ఆగాడు అనుకున్నాడు ఫిలిప్. ఇక వెళ్ళమన్నాడు. వెళ్ళాడు.

ఆ తర్వాత ఛానెల్లో కొన్ని వారాలు ఏమీ రాలేదు. ఎట్టకేలకి సిగ్గొచ్చింది కాబోలు అనుకునేలోపే ఒక మధ్యాహ్నం వచ్చింది. మళ్ళీ మొదటి పాఠమే. పేరు పొడుగ్గా ఉంటే ఫోన్‌లో సగమే కనిపించి మిగతాది చుక్కలైపోతుంది. ఆరోజు పొరపాటున వేలు తగిలి పూర్తి పేరు తెరుచుకుంది: గిటార్ మొదటి పాఠం, ఉంగరం వేలూ చిటికెన వేలూ వంగని వాళ్ళకి.

వెక్కిరిస్తున్నాడనుకున్నాడు ఫిలిప్. తిట్టడానికి సరిపడా విషయం పోగేద్దామని, నమస్కారం దాటి మొదటిసారి ముందుకి చూశాడు.

త్రినాథ్ ఎడమ చేతి చివరి రెండు వేళ్ళకీ కరెంటు పనివాళ్ళు వాడే నల్ల టేపు చుట్టి ఉంది. "నా వేళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి అడక్కపోయినా సాయానికి వస్తున్నాయండి. అందుకే కట్టేశాను" అన్నాడు. "ఇది నేను నేర్చుకోవడానికే ఇన్ని రోజులు పట్టింది." మిగిలిన రెండు వేళ్ళతో ఏ తీగలు పట్టుకోవాలో, ఏవి వదిలేస్తే బాగుంటుందో ఒక్కొక్కటే చూపించాడు. మధ్యలో రెండుసార్లు తప్పాడు. ఇంకా మధ్యలో ఎవరో మందు డబ్బా అడిగితే, ఆ కట్టిన చేత్తో పట్టు దొరక్క కింద పడేశాడు. "ఆ టేపు పీకి అవతల పారెయ్, బేరం పోతోంది" అని యలమందయ్య అరుపు వినపడింది. త్రినాథ్ టేపు తియ్యలేదు. బేరం పోయింది.

ఫిలిప్ మంచం కిందనుంచి గిటార్ లాగాడు. వీడిది తప్పని నిరూపించడానికే తీశాను అని తనకి తాను చెప్పుకున్నాడు. చూపుడు వేలు పెట్టాడు, మధ్య వేలు పెట్టాడు. మోగింది. నెమ్మదిగా, తడుముకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. వంటింట్లోంచి జయకుమారి తొంగిచూసి, "ఇవాళేంటిరా, పాటలా వినపడుతోంది?" అంది.

ఆ సాయంత్రం అతను కూర్చుని త్రినాథ్ పాత పాఠాలన్నిటి పేర్లూ చివరిదాకా చదివాడు. ఎడమ చేతివాటం వాళ్ళకి. ఇంట్లో గిటార్ లేనివాళ్ళకి: ఈ పాఠంలో చెక్క మీద గీతలు గీసి నేర్పాడు. నాన్నకి తెలియకూడని వాళ్ళకి: తీగల కింద గుడ్డ దూర్చి, పక్కగదికి వినపడకుండా. చెవులు సరిగా వినపడని వాళ్ళకి: గిటార్ చెక్కకి గడ్డం ఆనించి. మిరపకాయలు కోసొచ్చిన చేతులకి: ముందు నూనె రాసుకుని, మంట తగ్గాక. ఒక పాఠం కింద పొదిలి నుంచి మీరా హుస్సేన్ అనే అతను నాకు కుదరడం లేదన్నా, వదిలేస్తున్నా అని రాశాడు. దాని పై పాఠం అతని కోసమే. దాని కింద భవ్య అనే అమ్మాయి ఇంకేదో కుదరడం లేదంది. దాని పైది ఆమె కోసం. జనం కుదరడం లేదన్న చోటల్లా త్రినాథ్ వెనక్కి వెళ్ళి మళ్ళీ నమస్తే అండి అన్నాడు.

మర్నాడు ఫిలిప్ గిటార్ సంచి భుజాన తగిలించుకుని పర్చూరు బస్సెక్కాడు. దారి పొడుగునా థాంక్స్ ఎలా చెప్పాలా అని ఆలోచించి, కొట్టు ముందు దిగాక తిట్లతోనే మొదలుపెట్టాడు.

"వెలుతురు వెనకనుంచి పెట్టుకుంటే నీ చెయ్యేం కనపడుతుందిరా? మూడో తీగ శ్రుతి తగ్గింది. అసలు నీకు రెండో పాఠం వచ్చా, రాదా?"

"వచ్చురా, కొంచెం" అన్నాడు త్రినాథ్. "అది చెప్పడానికి మీరంతా ఉన్నారు కదా."

ఈలోగా కొట్టులో కూర్చున్న పెద్దావిడ గొంతు సవరించుకుంది. ఆవిడ పేరు సుబ్బరావమ్మ, పత్తి విత్తనాలకని వచ్చింది. హాస్టల్‌కి పోతూ మనవడు వదిలేసిన గిటార్ని గోనెసంచిలో వేసుకొచ్చింది. దుమ్ము దులుపుతుంటే మోగింది, అది ఏమిటో తెలుసుకుందామని ఆవిడ కోరిక. గిటార్ నిటారుగా పట్టుకోవడం ఆవిడ వల్ల కాదు, మోకాళ్ళ నొప్పులు. త్రినాథ్ అప్పటికే దాన్ని ఆవిడ ఒళ్ళో పడుకోబెట్టి, ఎలా నేర్పాలా అని తల గోక్కుంటున్నాడు.

ఫోన్ పట్టుకోమని ఫిలిప్ చేతికిచ్చాడు. ఫిలిప్ గొణుక్కుంటూ, కుర్చీ జరిపించి, బస్తాలు పక్కకి తోయించి, చొక్కా మార్చుకోవడం ఈ జన్మలో జరుగుతుందా అని అడిగి, చివరికి వీడియో మొదలుపెట్టాడు. ఆవిడ రెండు వేళ్ళూ సరైన చోట పెట్టి మీటింది. మోగింది. ఆశ్చర్యపోయి తలెత్తి, ఎదురుగా గిటార్ సంచి తగిలించుకుని నిలబడ్డ ఫిలిప్‌ని చూసింది.

"నువ్వు కూడా ఇక్కడే నేర్చుకుంటున్నావా బాబూ?"

వేలమంది చూసే ఫిలిప్ ఫోన్ దించకుండానే తలూపాడు.

"అవునండి" అన్నాడు. "నిన్ననే చేరాను."