తూదా మూసిన కొండ

"రోడ్డు పడితే ఆ దుమ్మంతా దీని ఊపిరితిత్తుల్లోకే పోతుంది అత్తా. ముక్కు చూడు, ఎంతుందో!"

అంటూనే ఇజ్జా తన ఒళ్ళో నిద్రపోతున్న కూతురు తిలిలా ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఐదు నెలల పిల్ల. ఊపిరి వెచ్చగా తగిలింది. కాసేపటికి మళ్ళీ పెట్టింది. ఇజ్జా లోయలోని బడిలో సైన్సు చెబుతుంది. దుమ్ము ఎంత సన్ననిదైతే అంత లోతుకు పోతుందని ఆమెకు తెలుసు. ఆ తెలియడమే ఆమెకు కుదురు లేకుండా చేస్తోంది.

ఎదురుగా తూదా ఒక మేక కాలిలో ముల్లు తీస్తోంది. పక్కింటి పెద్దావిడ. భర్త పోయాక మేకలే ఆమె సంసారం. మేకలతో మాట్లాడినంత మెత్తగా మనుషులతో మాట్లాడదని ఊళ్ళో పేరు.

అట్లాస్ కొండల్లోని ఆ ఊరికి ఒక పాత కట్టుబాటు ఉంది. వసంతం రాగానే పెద్దలు మేత కొండ అంచున రాళ్ళు పేర్చి, పైరాయికి సున్నం పూస్తారు. వాళ్ళు మళ్ళీ తెరిచేదాకా ఒక్క మేక కూడా అక్కడ అడుగు పెట్టకూడదు. గడ్డి పూచి గింజ రాల్చుకోవాలి.

ఈ ఏడాది సున్నం పూసిన రాళ్ళు తూర్పు వాలు మీద కూడా కనిపించాయి. ఏనాటి వాళ్ళో సూర్యుణ్ణీ బాకుల్నీ చెక్కిన బండలు ఉన్నది అక్కడే. ఎవరూ ఎన్నడూ మూయని వాలు అది, మేకలు వేళ్ళదాకా గీకేసిన నేల. పెద్దలకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకుని తూదా తన మందను వెనక్కి తిప్పింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ తిప్పారు. తిప్పనివాళ్ళు తిట్లు తిన్నారు.

తీరా చూస్తే అవి పెద్దలు పెట్టిన రాళ్ళు కావు. కొండ మీదుగా వేయబోయే పెద్ద రోడ్డుకు కొలతలు తీసినవాళ్ళు పెట్టిన గుర్తులు. ఊరికి వచ్చిన నోటీసు ఇజ్జా చదివి వినిపిస్తే ఆ సంగతి బయటపడింది. తూర్పు వాలు ఒట్టి బంజరనీ, రోడ్డు పోతే నష్టమేమీ లేదనీ అందులో ఉంది. అధికారులు వచ్చి చూసి ఖాయం చేస్తారట.

పై ఇంటి మేకల కాపరి హమ్ముకు నవ్వు ఆగలేదు.

"ఏం తూదా, రోడ్డుకి కాపలా కాశావటగా? జీతమెంత?"

"పోరా! నీ గడ్డం నీ మేకల గడ్డం కన్నా తెల్లబడింది, బుద్ధి మాత్రం ఇంకా పాలు తాగుతోంది."

ఇంటికొచ్చాక మాత్రం ఆమె ఇజ్జా ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

"పొరపాటు పడ్డానే పిల్లా. వాళ్ళ దారిని నేనే అట్టేపెట్టి ఇచ్చాను."

"అయితే రేపు మేకల్ని అటు తోలతావా?"

"ఎట్లా తోలేది? గడ్డి పూత మీదుంది. ఎవరు మూస్తేనేం, మూసింది మూసిందే."

అధికారులు వచ్చిన రోజు ఇజ్జా పిల్లను వీపున కట్టుకుని తూదాతో కలిసి వాళ్ళ వెనకే ఎక్కింది. ముందు నడుస్తున్న పర్యావరణ అధికారిణి వాలు మొదట్లోనే ఆగిపోయింది. కాగితంలో బంజరు. కళ్ళెదుట మోకాలెత్తు గడ్డి, ఊదాగా పూసిన పొదలు, తేనెటీగల రొద. బండ మీది సూర్యుడి చుట్టూ కూడా పూలే.

"ఇక్కడేం నాటారమ్మా?" అంది ఆవిడ.

తూదా సిగ్గుపడింది. "ఏమీ నాటలేదు తల్లీ. మీ రాళ్ళు చూసి మా రాళ్ళనుకున్నాను. మేకల్ని రానివ్వలేదు, అంతే."

ఆవిడ నవ్వలేదు. బండ పక్కన చాలాసేపు కూర్చుంది. 'బంజరు' అన్న మాట కొట్టేసి, రోడ్డుకు వేరే దారి చూడమని పైవాళ్ళకు రాస్తానంది. మాట మాత్రం ఇవ్వలేనంది.

ఆ సాయంత్రం తూదా వాకిట్లో ఇజ్జా వేలు మళ్ళీ పిల్ల ముక్కు దగ్గరికి పోయింది.

"వాళ్ళు ఒప్పుకోకపోతే, అత్తా?"

"అప్పుడు అందరం వెళ్ళి ఆ బండల మీద కూర్చుందాం. హమ్ముని ముందు కూర్చోబెడదాం, వాడి వాగుడికే పారిపోతారు." తూదా ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది. "నువ్వు మాత్రం ఇది మానెయ్యి. గడ్డి మొలిచిందా అని రోజూ మేకను పంపి చూస్తే ఏం మిగులుతుందే? నిద్రపోయే పిల్ల కూడా మూసిన కొండ లాంటిదే. లేచేదాకా అంచున కూర్చో, చాలు."

పైనుంచి జవాబు ఇంకా రాలేదు. తిలిలా నిద్రపోయినప్పుడు ఇజ్జా ఉయ్యాలకు కాస్త ఎడంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది.