క్యాంపు వంట చదివిన అక్క

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒకే విల్లాలో మూడు తెలుగు కుటుంబాలం వాటాలు వేసుకుని ఉండేవాళ్ళం, నా చిన్నప్పుడు. పక్క వాటా అక్క ఒక చిన్న కాలేజీలో డిగ్రీ చదివేది. క్లాసుకి పదిహేను మందే. చరిత్ర, జీవశాస్త్రం, తత్వశాస్త్రం అన్నీ కలిపి చదివించేవారు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఇంజనీరైన వాళ్ళ నాన్నగారికి ఈ చదువు సుతరామూ నచ్చేది కాదు. ఆ ఏడు అక్క ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపుల్లో వంట వంతులు ఎలా నడుస్తాయో పరిశోధిస్తోందని తెలిసి మండిపడ్డారు. "పప్పు వండటం మీద చదువేంటమ్మా! నీ ప్రెజెంటేషన్‌కి వస్తాను. నాకు నచ్చకపోతే హైదరాబాదులో ఇంజనీరింగే" అని తేల్చేశారు.

పాపం, అక్క వారం రోజులు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేసింది. నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. అయినా గంగిరెద్దులా తలూపేదాన్ని. చివరి రోజు "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు" అంది. నేను తల దించుకున్నాను. తిడుతుందనుకున్నాను. అక్క నన్ను దగ్గరికి లాక్కుని, రేపు కూడా అర్థం కాకపోతే అందరి ముందూ చెయ్యెత్తి అడగమంది, అదే తనకి పెద్ద సాయమంది.

మర్నాడు అమ్మా నేనూ కూడా వాళ్ళ కాలేజీకి వెళ్ళాం. అక్క పెద్ద పెద్ద మాటలతో మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళంతా తలలూపారు. వాళ్ళ నాన్నగారూ ఊపుతూనే గడియారం చూసుకున్నారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాగుతున్నా నేను లేచి, "అక్కా, నాకు అర్థం కాలేదు" అనేశాను. అక్క మాత్రం నవ్వి, కాగితాలు పక్కన పెట్టేసింది. ఒక గదిలో ఎనిమిది మంది, నాలుగు దేశాలవాళ్ళు, ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, అయినా రోజుకొకరు వండుతారు, ఎవరూ పస్తుండరు, ఈ కట్టుబాటు ఎలా పుట్టిందన్నదే నా ప్రశ్న అని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పుకుంటూ పోయింది.

అప్పుడు వాళ్ళ నాన్నగారే అడిగారు, "మరి ఎవడైనా వంతు ఎగ్గొడితే?"

"క్యాంపులో ఉండే జగిత్యాల ఆయన్ని నేనూ అదే అడిగాను నాన్నా. 'తిట్టుడెందుకు బిడ్డా? ఆ పూట ఆనికే ముందుగాల పెడ్తం. శరమైతది, తెల్లారి ఆడే పొయ్యి ముట్టిస్తడు' అన్నాడు."

ఇన్నేళ్ళూ వాళ్ళ చేత పని చేయించాను గానీ ఒక్కరోజూ ఇలా అడగలేదే అని ఆయన గొణుక్కున్నారు. తర్వాత టీ దగ్గర కనబడ్డ ప్రతివాళ్ళకీ "మా అమ్మాయేనండీ" అని చెప్పుకు తిరిగారు. హైదరాబాదు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నేనూ అలాంటి చిన్న కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. పెద్ద పెద్ద ప్రొఫెసర్ల మధ్య కూర్చున్నా, అర్థం కాకపోతే కాలేదనే అంటాను. సిగ్గా? చెప్పొద్దూ, కాస్త గర్వమే. ఆ ఒక్క మాటతో ఒకమ్మాయి చదువు నిలబడటం నా కళ్ళతో చూశాను మరి.